చప్పుడు రాకముందే జవాబు

"జిప్పు" అన్నాడు గోడ అవతల బొంగరం.

మిరియం చెవులు రిక్కించింది. ఆమె ముందున్న ట్యాబ్‌లో రేడియో టీచర్ ఇంకా గొంతు సవరించుకుంటోంది. "పిల్లలూ, ఇప్పుడొక చప్పుడు వినిపిస్తాను. అదేంటో చెప్పుకోండి చూద్దాం" అంది. ఆ తర్వాత తీరిగ్గా ఎవరో సంచీ జిప్పు లాగిన చప్పుడు వచ్చింది.

మిరియం గబగబా అమ్మ ఫోన్ అందుకుంది. లైన్ బిజీ. కాసేపటికి ట్యాబ్‌లోంచే బొంగరం గొంతు వినబడింది. ఏమీ ఎరగనట్టు, "జిప్పు, టీచర్" అన్నాడు. టీచర్ వాణ్ని మెచ్చుకుంది.

మిరియానికి ఒళ్లు మండిపోయింది. చప్పుడు రాకముందే జవాబు ఎలా వస్తుంది?

మిరియం అనేది ముద్దుపేరు. మనిషి పిడికెడు, మాట ఘాటు. పక్కింటి అబ్బాయి ఒక్కచోట కుదురుగా నిలబడడు కాబట్టి వాణ్ని అందరూ బొంగరం అంటారు. ఇద్దరిదీ ఒకే తరగతి, ఒకే బెంచీ. ఇళ్ల మధ్య ఉన్నదీ ఒకే గోడ.

ఆ రేడియో స్టేషన్ లైబ్రరీ మేడ మీద ఒక చిన్న గదిలో నడుస్తుంది. చుట్టుపక్కల వీధుల వాళ్లే అందులో మాట్లాడతారు, పాడతారు. ఆదివారం సాయంత్రం పిల్లల కార్యక్రమం. చప్పుడును అందరికంటే ముందు గుర్తుపట్టిన వాళ్లు స్టూడియోకి వెళ్లి, తర్వాతి చప్పుడు తామే తయారు చేయవచ్చు. మిరియం ఇంట్లో రేడియో సెట్టు లేదు. అందుకే ట్యాబ్‌లో, నెట్ ద్వారా వింటుంది. ఎన్ని వారాలుగా విన్నా ఆ అవకాశం ఆమెకు రాలేదు.

ఆ రాత్రి అన్నం తింటూ కూడా అదే ఆలోచన. ఒక్కొక్కటీ గుర్తుకు రాసాగింది. టీచర్ జోకు చెప్పకముందే గోడ అవతల నవ్వు వినబడేది. పాట మొదలు కాకముందే బొంగరం ఆ పాట పల్లవి అందుకునేవాడు. అంటే వాడికి అన్నీ ముందే తెలుసు.

ఎవరు చెబుతున్నారు? వాళ్ల నాన్న ఎలక్ట్రీషియన్. స్టూడియోలో ఫ్యాన్ ఆగినా, మైకు గురగురలాడినా వెళ్లేది ఆయనే. ఇంకేముంది, అక్కడ విన్నవన్నీ ఇంటికి వచ్చి కొడుకు చెవిలో వేస్తున్నాడు. మిరియానికి లెక్క తేలిపోయింది.

మర్నాడు బడిలో బొంగరాన్ని పోలీసులా గమనించింది. వాడు పెన్సిల్ చెక్కుకున్నా, కిటికీలోంచి చూసినా ఏదో దాస్తున్నట్టే కనిపించింది. అలా చూస్తావేంటని వాడే అడిగితే, ఏం లేదని తల తిప్పేసుకుంది. అడిగితే అబద్ధం చెబుతాడని ముందే తీర్మానించేసుకుంది మరి.

రేడియో వెబ్ పేజీలో పేరు చెప్పకుండా మాట రికార్డు చేసి పంపే బటన్ ఒకటి ఉంది. సాయంత్రం మిరియం తలుపు వేసుకుని, ముక్కు మూసుకుని, ట్యాబ్ దగ్గరగా పెట్టుకుంది.

"మీ స్టూడియోకి వచ్చే ఎలక్ట్రీషియన్ జవాబులు ఇంటికి మోసుకెళ్తున్నాడు. చూసుకోండి."

పంపాక కొంచెం భయం వేసింది, కొంచెం గర్వంగానూ అనిపించింది.

రెండు రోజులు పోయాక గోడ అవతల మాటలు వినబడ్డాయి. చప్పుడు తయారు చేయడానికి బొంగరం స్టూడియోకి వెళ్లడం ప్రస్తుతానికి ఆపేశారట. ఎవరో ఫిర్యాదు చేశారని, సంగతి తేలేదాకా ఆగమని టీచర్ ఫోన్ చేసిందట. బొంగరం ఏదో అడిగాడు. వాళ్ల నాన్న జవాబు మాత్రం స్పష్టంగా వినబడింది.

"మాట పడ్డాక మళ్లీ ఆ గదిలో అడుగు పెట్టను నాన్నా. వేరేవాళ్లని చూసుకోమను."

బడిలో బొంగరం బెంచీ చివరికి జరిగి కూర్చున్నాడు. రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. తప్పు చేయకపోతే ఈ మౌనం ఎందుకు అనుకుంది మిరియం. అయినా మధ్యాహ్నం ఆమె డబ్బాలో అన్నం సగం అలాగే మిగిలిపోయింది.

ఆదివారం వచ్చింది. మిరియం ట్యాబ్ పెట్టుకుని కూర్చునే వేళకు అమ్మ ఒక స్క్రూడ్రైవర్ చేతిలో పెట్టింది. పక్కింటి బాబాయ్‌ది, తెచ్చి చాలా రోజులైంది, ఇచ్చేసి రమ్మంది. మిరియం నసిగింది. అమ్మ వినలేదు. ట్యాబ్‌ను అలాగే వదిలేసి మిరియం పక్కింటికి వెళ్లింది.

గది మూల చెక్క అరలో పాత రేడియో సెట్టు ఉంది. బొంగరం దానికి దూరంగా, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బాబాయ్ కుర్చీలో ఉన్నాడు. రేడియోలో మైకు బాగా గురగురలాడుతోంది. ఆ గురగుర మధ్యే కార్యక్రమం మొదలయ్యే సంగీతం వచ్చింది. "పిల్లలూ, బాగున్నారా?" అంది టీచర్.

మిరియం స్క్రూడ్రైవర్ ఇవ్వబోయి ఆగిపోయింది. గోడ అవతల, తన ఇంట్లో, అదే సంగీతం అప్పుడే మొదలైంది. అది పూర్తయ్యాక, "పిల్లలూ, బాగున్నారా?" అని టీచర్ మళ్లీ పలకరించింది.

"మా ఇంట్లో ఇప్పుడు మొదలైందేంటి?" అంది మిరియం.

"మీది ఎప్పుడూ వెనకే వస్తుంది కదా" అన్నాడు బొంగరం. "మాకు గాల్లోంచి తిన్నగా వచ్చేస్తుంది. మీది నెట్‌లో చుట్టు తిరిగి రావాలి. నీకు తెలుసనుకున్నా."

జోకులు రెండోసారి వినడానికే తను గోడ పక్కన కూర్చుంటానని చెప్పాడు.

మిరియం ముఖం వేడెక్కింది. ఆ ముక్కు గొంతు ఎవరిదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. స్క్రూడ్రైవర్ ఇచ్చేసి ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆమె బాబాయ్ వైపు చూసింది. ఆయన రేడియో గురగుర వింటూ నేలకేసి చూస్తున్నాడు.

"బాబాయ్, ఒక్కసారి ఫోన్ ఇస్తారా?"

లైన్ వెంటనే కలిసింది. చప్పుడు ఇంకా వినిపించనే లేదు, అప్పుడే జవాబా అని టీచర్ నవ్వింది. మిరియం ముక్కు మూసుకోలేదు.

"జవాబు కాదు టీచర్. ఆ మెసేజ్ పంపింది నేనే. బాబాయ్ జవాబులేవీ చెప్పలేదు. వాళ్లకి రేడియో ముందొస్తుంది, మాకు ట్యాబ్‌లో ఆలస్యంగా వస్తుంది. వాణ్ని ఒక్క మాట అడక్కుండా పంపేశాను."

టీచర్ నెమ్మదిగా మాట్లాడింది. తనూ అడిగి తెలుసుకోవాల్సిందని చెప్పి, ఎలక్ట్రీషియన్‌కు అందరూ వింటుండగా క్షమాపణ చెప్పుకుంది. జవాబులు చెప్పడానికి ఇకనుంచి అందరికీ చప్పుడు చేరేదాకా ఆగుదామంది.

మిరియం ఫోన్ తిరిగి ఇస్తుండగా గోడ అవతల నుంచి ఆమె గొంతే మళ్లీ వినబడింది. "ఆ మెసేజ్ పంపింది నేనే." ఆ వెంటనే అమ్మ కుర్చీ జరిగిన చప్పుడైంది.

బాబాయ్ మిరియాన్ని చాలాసేపు చూశాడు. లేచి పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఆ మైకు ఇంకాసేపు అలాగే అరిస్తే కాలిపోతుంది" అన్నాడు కొడుకుతో. "బూట్లు వేసుకో. నీ చప్పుడు సంగతి కూడా చూద్దాం."

బొంగరం గడప మీద కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. మిరియం వైపు చూడలేదు. కోపం పోయిందేమో అనుకుంది మిరియం. లేదు, ఇక జన్మలో మాట్లాడడేమో అనుకుంది. అంతలో అనుకోవడం మానేసి, వాడి పక్కన కూర్చుంది.

"ఇంకా కోపంగా ఉందా?" అని అడిగింది.

"ఉంది" అన్నాడు బొంగరం, లేసు ముడి వేస్తూ.

"రేపటికి?"

వాడు రెండో బూటు కూడా తొడుక్కుని లేచి నిలబడ్డాడు.

"రేపు అడుగు."