రాతికాళ్ల రాజు, ఖాళీ పళ్లెం

పూర్వం, చలికాలం వస్తే నదులు సైతం గడ్డకట్టే పోలండు దేశాన్ని ద్రోగోస్లావు అనే రాజు ఏలేవాడు. చెక్క కోటలున్న రాజ్యం తండ్రి నుంచి అందుకుని, విస్తులా నది పొడవునా రాతి కోటలూ, రాతి వంతెనలూ కట్టించాడు. ప్రజలు సుఖంగానే ఉన్నారు. రాజుకు మాత్రం తనంతటివాడు లేడన్న అతిశయం పెరిగిపోయింది.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. శీతాకాలపు పండుగనాడు ఎంత పేదవారైనా విందు బల్ల మీద ఒక పళ్లెం అదనంగా పెడతారు. అది దారి తప్పి వచ్చే అతిథి కోసం. ఒక ఏడు పొరుగుదేశాల రాయబారులు ఎక్కువమంది వచ్చేసరికి, రాజు ఆ చోటు కూడా ఒక రాయబారికి ఇచ్చేశాడు. సరిగ్గా అప్పుడే ఒక ముసలివాడు తలుపు తట్టాడు.

"చోటు లేదు, పొమ్మనండి!" అన్నాడు రాజు.

తెల్లవారేసరికి రాజు పాదాలు రాయి అయిపోయాయి. వారం తిరిగేసరికి మోకాళ్లదాకా రాయే! రాజవైద్యుడు పెదవి విరిచి, "ఇది గుండెను తాకితే ప్రాణం దక్కదు. తిప్పిపంపిన అతిథినే వెదకాలి" అన్నాడు.

రాజుకు ఒక్కతే కూతురు, బోగ్నా. ఆమెకు లేచింది మొదలు ప్రశ్నలే. "నీ నోటికి తాళం వేయించాలమ్మా" అని తండ్రి విసుక్కునేవాడు. పిల్లలూ, మీరూ ఇంట్లో ఈ మాట వినే ఉంటారు. పట్టించుకోకండి. అడగనిదే అమ్మైనా పెట్టదు! తండ్రి మీద బెంగతో బోగ్నా రొట్టె, ఉప్పు మూటగట్టుకుని అడవిదారి పట్టింది.

అడవి మొదట్లోనే కొండంత దున్న అడ్డం నిలిచింది. దాన్ని చూసి బాణాలు వేసినవాళ్లే తప్ప మాట్లాడినవాళ్లు లేరు.

"దారికి అడ్డంగా ఎందుకు నిలబడ్డావు?" అని అడిగింది బోగ్నా.

"ముందు మంచు కింద మడుగుంది. మునిగిపోతారని ఆపుతుంటే నన్నే కొడుతున్నారు" అంది దున్న. ఆమెను వీపు మీద ఎక్కించుకుని మడుగు చుట్టూ తిప్పి తీసుకువెళ్లింది.

ఆవల ఉప్పుగుహలో తెల్లటి భూతం ఒకటి కోరలు చూపింది. "ఇంతవరకు నన్నెవరూ అడగని ప్రశ్న అడుగు. లేదా నిన్ను ఉప్పుబొమ్మను చేస్తాను!"

"ఇంత చీకట్లో ఒక్కదానివే ఉంటావు కదా, నీకు భయం వేయదా?"

భూతం కోరలు ముడుచుకుంది. "వేస్తుంది" అంది మెల్లగా. బోగ్నా దానితో రొట్టె పంచుకుని, ముసలివాడి జాడ తెలుసుకుంది.

ఆమె వెళ్లేసరికి, చెట్టు తొర్రల్లో తేనె పట్టే ఆ ముసలివాడు తన గుడిసెలో భోజనానికి కూర్చున్నాడు. ఎదురుగా ఒక ఖాళీ పళ్లెం ఉంది.

"తాతా, ఈ పళ్లెం ఎవరికి?"

"మీ నాన్నకే తల్లీ. నేను శపించలేదు. తలుపు మూసిన మనసే ఆయన్ని రాయిని చేసింది. తానే వచ్చి చోటడిగితే ఆ రాయి విడిపోతుంది."

బోగ్నా తండ్రిని బండి మీద పడుకోబెట్టి, దున్న చేత లాగించి తెచ్చింది. అప్పటికి రాయి పక్కటెముకలదాకా పాకింది. అయినా రాజు మొండికేశాడు.

"తేనె పట్టేవాడి గుమ్మంలో నేను చోటడగాలా?"

"నాన్నగారూ, ఆనాడు మనం తలుపు వేసినప్పుడు ఈ తాత ఎంత చలిలో నడిచి ఉంటాడు?"

రాజు ఆ ప్రశ్నకు విసుక్కోలేకపోయాడు. కళ్లు చెమర్చాయి. బండి మీంచే చెయ్యి చాచి తలుపు తట్టి, "అయ్యా, కాస్త చోటుందా?" అన్నాడు.

"రా నాయనా, చల్లారిపోతోంది" అన్నాడు ముసలివాడు. మొదటి ముద్ద గొంతు దిగగానే రాయి పెచ్చులుగా రాలిపోయింది. తండ్రి తన కాళ్ల మీద తాను లేవడం చూసి బోగ్నా ఆనందంతో ఏడ్చేసింది.

మరుసటి ఏడు రాజు కూతురికే పట్టం కట్టాడు. పండుగ విందులో రాణి బోగ్నా చిన్న పీట మీద కూర్చుంది. అతిథి కోసం ఖాళీగా ఉంచింది తన సింహాసనాన్నే. ఇంతలో ఎవరో తలుపు తట్టారు. భటులకంటే ముందు ముసలి ద్రోగోస్లావే లేచి, గబగబా తలుపు తీయడానికి వెళ్లాడు.