అమ్మ రంగు

రెండు వేల మూడులో పలాస స్టూడియోల్లో పెళ్లి ఫోటోల కంటే దండ వేసే ఫోటోలకే గిరాకీ. చుట్టూ ఉన్న ఉద్దానం ఊళ్లలో పాడయ్యే కిడ్నీలు ముహూర్తాలు చూసుకోవు కదా.

"ఈవిడెవరు?" కంప్యూటర్ వైపు చూసి అడిగింది ఇవాంజెలిన్.

"మీ అమ్మగారేనండి," అన్నాడు స్టూడియో కొండబాబు.

"మా అమ్మ ఇంత తెల్లగా ఎప్పుడుంది?"

"టచింగండి. పెళ్లికూతురికి ఓ కోటింగు, పోయినోలకి రెండు. నల్లగా ఉంచితే సుట్టాలు నన్నే తిడతారు."

ఇవాంజెలిన్‌కి ఒళ్లు మండింది. విశాఖలో ఆమె నాలుగేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నదే ఈ గొడవ మీద.

"నాలుగొందల ఏళ్ల కిందట ఇంగ్లండ్ నాటకాల్లో తెల్లోళ్లు మొహానికి మసి పూసుకుని నల్లోడి వేషం కట్టేవారు. నలుపంటే పాపమని జనానికి నూరిపోసేరు. దాని మీద మూడొందల పేజీలు రాసేను. నువ్వేమో మా అమ్మకి సున్నం కొట్టేవు!"

"ఆళ్లు మసి పూసినారు, మేం పౌడరు పూత్తాం. పని ఒకటే కదేటండి?"

మూడు వందల పేజీల్లో ఎక్కడా అంత సూటి వాక్యం లేదు. అందుకే ఆమెకి మరీ మండింది.

"పాతది తియ్యి."

కొండబాబు తల దించుకున్నాడు. నెగటివ్ వానకి తడిసి అతుక్కుపోయింది. కంప్యూటర్లో పాతదాని మీదే కొత్తది సేవ్ చేసేశాడు. వాళ్లమ్మ సువర్ణమ్మకి ఇంకో ఫోటో లేదు. ఆదివారమే ఇంటి దగ్గర ఆమె జ్ఞాపకార్థ కూడిక.

ఇవాంజెలిన్ కుర్చీలో కూలబడింది. "మట్టిలో పెట్టి నెల కాలేదు. అప్పుడే మొహం కూడా పోయిందా?"

కొండబాబు తన కుర్చీ స్క్రీన్ దగ్గరికి జరుపుకున్నాడు.

"మీ చెయ్యి ఇలా ఎట్టండి," అన్నాడు.

"ఏటి?"

"అమ్మగారి రంగు ఎక్కడికీ పోనేదండి. మీ కాడే ఉంది."

ఆమె మణికట్టు స్క్రీన్ పక్కన ఆనించింది. అతను చెయ్యి చూస్తాడు, మౌస్ కదుపుతాడు, మళ్లీ చూస్తాడు. మూడుసార్లు కరెంటు పోయింది, మూడుసార్లూ మొదటినుంచి మొదలు. ఆమె చెయ్యి తియ్యలేదు. రెండుసార్లు చూస్తే సరిపోయే చోట అతను పదిసార్లు చూశాడు. ఆమె గమనించనట్టే ఉండిపోయింది.

ఆదివారం వాళ్ల ఊరు వజ్రపుకొత్తూరులో పాదిరిగారు ప్రార్థన మొదలెట్టక ముందే ఆమె తండ్రి జెకర్యా, భార్య పటం ముందు నిలబడ్డాడు. సమాధి దగ్గర కూడా కన్నీరు పెట్టని మనిషి.

"ఇదే నా సువర్ణ," అని గాజు మీద చెంప ఆనించి భోరుమన్నాడు. తేరుకున్నాక, గుమ్మం దగ్గర నక్కిన కొండబాబుని చూసి, "బోజనం సేసి ఎల్లు బాబూ," అన్నాడు.

చేతులు కడుక్కునే చోట కొండబాబు ఆమెని ఆపాడు. "ఆ చెయ్యి ఇంకోసారి సూడాలండి."

"ఫోటో అయిపోయింది కదా?"

"ఫోటోకి అయిపోయిందండి. నాకే అవనేదు."

ఇవాంజెలిన్ నవ్వలేదు. అది నవ్వే రోజు కాదు. తడి చెయ్యి తుడుచుకోకుండానే అతని ముందుకి చాపింది.