ఆపే హక్కు

తొమ్మిదో మోతాదును కూడా గుండె తట్టుకుంది.

గుండెంటే ఛాతీలో కొట్టుకునేది కాదు. అరచేతిలో ఇమిడే గాజుబిళ్ల. ల్యాబ్‌లో దాన్ని చిప్ అంటారు. లోపల వెంట్రుకంత సన్నని కాలువలు, మూడు చిన్న గదులు. ఒకదానిలో కాలేయం కణాలు, ఒకదానిలో మూత్రపిండాలవి, ఒకదానిలో గుండెవి. అన్నీ తన్మయి అనే అమ్మాయి రక్తం నుంచి పెంచినవే. మందు ముందు కాలేయంలోకి వెళుతుంది. అక్కడ ఏ రూపంలోకి మారితే ఆ రూపంలో గుండెను చేరుతుంది. మనిషి లోపల జరిగేదే, మనిషి లేకుండా.

పూర్వం ఎలుకలకీ కుక్కలకీ ఇచ్చి చూసేవారు. ఎలుకకి పడిన మందు చాలాసార్లు మనిషికి పడేది కాదు. ఇప్పుడు ఎవరి మందు వాళ్ల చిప్ మీదే.

తెర మీద గుండె గది కనిపిస్తోంది. మెంతిగింజంత కండ. ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. హైమ రెప్ప వేయకుండా చూస్తోంది.

హైమ విశాఖలో సిటీ బస్సు కండక్టరు. బస్సులు వాటంతటవే నడిచే రోజులొచ్చి డ్రైవర్లు పోయారు గానీ, కండక్టర్లను తీసేయలేదు. ఫుట్‌బోర్డు మీద ఎవరి కాలైనా జారితే ఆపడానికి ఒక మనిషి ఉండాలన్నారు. పంతొమ్మిదేళ్లుగా ఆమె చేస్తున్నది అదే: 'హోల్డాన్' అని బస్సు ఆపడం, 'రైట్' అని కదిలించడం.

పక్కన చక్రాల కుర్చీలో ఆమె కూతురు తన్మయి. పదిహేడేళ్లు. కండరాలు సడలిపోయే జబ్బు. నిరుడు కాళ్లు పోయాయి. ఇప్పుడు చేతులు మొదలయ్యాయి. కొత్త మందు జబ్బును ఉన్నచోట ఆపుతుంది. పోయినదాన్ని తీసుకురాదు.

"డాక్టరమ్మా, తొమ్మిది మోతాదులకీ బానే ఉంది కదా. ఇంక చాలదా?"

"చాలదు హైమగారూ," అంది డాక్టర్ రుక్సానా. "ఎంతిస్తే ఆగిపోతుందో చూడాలి. అందులో యాభయ్యో వంతు తన్మయికి ఇస్తాం. ఆ అంకె లేకుండా ఇవ్వడానికి నాకు అనుమతి రాదు."

"ఆగిపోవడమంటే?"

"ఆగిపోవడమే."

తన్మయి తల్లి మోచేతిని తట్టింది. "అది నేను కాదే అమ్మా. నా జెరాక్స్."

హైమ నవ్వలేదు. ఆమె చేతి పక్కన ఒక ఎర్ర బటన్ ఉంది. చట్టం పెట్టించిన బటన్. కణాలు ఎవరివో వాళ్ల తరఫు మనిషి చివరి పరీక్షలో కూర్చోవాలి. ఏ క్షణాన్నయినా ఆపే హక్కు వాళ్లది. ఎందుకని ఎవరూ అడగకూడదు.

పదో మోతాదు వెళ్లింది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత గింజ కొట్టుకోవడంలో ఒకటి తప్పింది. ఇంకోటి. ముడుచుకుంది, విచ్చుకోవడానికి తడుముకుంది. వణికింది.

"హోల్డాన్!"

ఆ కేక తనదేనని హైమకి తర్వాత తెలిసింది. అప్పటికే బటన్ మీద ఆమె చెయ్యి ఉంది.

కాలువల్లో శుభ్రమైన ద్రవం పరుగెత్తింది. మందు కొట్టుకుపోయింది. గింజ నిదానంగా కుదుటపడింది.

"చూడండి, కోలుకుంది," అంది హైమ.

రుక్సానా చేతి తొడుగులు తీసింది. "కోలుకుంది. కానీ ఒకసారి దెబ్బ తిన్న చిప్‌తో మళ్లీ పరీక్ష చేయకూడదు. కొత్తది పెంచాలి."

"ఎన్నాళ్లు?"

"పదకొండు వారాలు."

కూతురి వైపు చూడ్డానికి హైమకి కొంతసేపు పట్టింది.

"స్టాపు కాని చోట ఆపేశావే," అంది తన్మయి.

ఆ పదకొండు వారాల్లో మొదట జడ వేసుకోవడం పోయింది. తర్వాత చెంచా. కొత్త చిప్ సిద్ధమయ్యాక మళ్లీ అంగీకార పత్రం వచ్చింది. మొదటి దాని మీద తన్మయి తోక పొడుగ్గా లాగి సంతకం చేసింది. ఈసారి హైమ ఆమె బొటనవేలు పట్టుకుని సిరా మీద, తర్వాత కాగితం మీద అద్దింది.

"నేను బయట కూర్చుంటాను. మీ బాబాయిని పిలుద్దాం," అంది.

"వద్దు. నువ్వే ఉండు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చో."

అలాగే కూర్చుంది.

పదో మోతాదు. గింజ తప్పింది, తడుముకుంది, వణికింది. హైమ పెదవులు కదిలాయి.

"రైట్ చెప్పమ్మా," అంది తన్మయి.

"రైట్," అంది హైమ. "రైట్."

నాలుగు నిమిషాలకి ఆగిపోయింది. రుక్సానా అంకె రాసుకుంది. పోయినసారి కూడా ఇంకో నాలుగు నిమిషాలు ఓర్చుకుంటే సరిపోయేదని ఆమె అనలేదు. హైమ గోడ గడియారం చూసుకుంది.

మొదటి చిప్ పక్క గదిలో వెచ్చని పెట్టెలో ఉంది. చట్టం ప్రకారం అది కుటుంబానిది. ఇప్పటికీ చక్కగా కొట్టుకుంటోంది.

అనుమతి తొమ్మిదో రోజున వచ్చింది. మాత్ర చిన్నది, పసుపు రంగుది. హైమ దాన్ని కూతురి నాలుక మీద పెట్టి, గ్లాసు పట్టుకుని నీళ్లు తాగించింది. తన్మయి చేతులు ఒళ్లో ఉన్నాయి, ఎవరో పెట్టి మరిచిపోయినట్టు.

మందు చెప్పినట్టే పని చేసింది. జబ్బును ఉన్నచోటే ఆపింది.