ఒంగిన ఫ్యాన్ రెక్కలు

పదిహేను రోజుల క్రితం, వేరే దేశపు రాజధానిలో గ్రూప్ ఫోటోకి నిలబడిన ఒక శాస్త్రవేత్త నవ్వుతూ నవ్వుతూనే కుప్పకూలిపోయాడు. గుండెపోటు అన్నారు. పోస్ట్‌మార్టమ్‌లో మెడ కింద నూలుపోగంత సన్నటి సూది దొరికింది.

"తుపాకీ పేలలేదు. దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. ఎదురుగా ఉన్నవల్లా కెమెరాలే," అన్నాడు గూఢచారి విభాగం నడిపే పెద్దాయన, ఫైలు మూసేస్తూ.

బల్లకి ఇటువైపు కూర్చున్న ఏజెంట్ కోడ్ నేమ్ రెప్ప. డిపార్ట్‌మెంట్‌లో ఆమెకి ఇంకో పేరు లేదు. పదో తరగతి మధ్యలో చదువు ఆగిపోయాక తొమ్మిదేళ్ళు ఒక కెమెరా రిపేరు షాపులో పని చేసింది. కళ్ళు మూసుకుని, షట్టర్ చప్పుడు విని ఏ స్ప్రింగు వదులైందో చెప్పగలదు. ఆ చెవుల కోసమే ఆమెని తీసుకున్నారు.

"ఈరోజు పదకొండింటికి మన డాక్టరమ్మ వంతు."

పసిపిల్లల జ్వరానికి కొత్త మందు కనిపెట్టిన డాక్టరమ్మ, దాని ఫార్ములాని ఈరోజు మీటింగ్‌లో అన్ని దేశాలకీ ఉచితంగా ఇచ్చేస్తానని ప్రకటించింది. తయారీలో చివరి మెట్టు ఆమె బుర్రలో తప్ప ఎక్కడా లేదు. పాత మందునే ఎక్కువ ధరకి అమ్ముకుంటున్న ముఠాకి ఆమె నోరు తెరవకూడదు.

"మీటింగ్ ఆపేస్తే?"

"ఆవిడ ఒప్పుకోలేదు. 'ఒక్కరోజు ఆలస్యమైతే ఎంతమంది పిల్లలు పోతారో మీరు చెప్తారా' అంది."

హాల్లోకి ఇద్దరు ఫోటోగ్రాఫర్లకే అనుమతి. ఇద్దరివీ ఒకే మోడల్ మిర్రర్‌లెస్ కెమెరాలు, ఒకే లెన్స్. అందులో ఒకటి ఆయుధం. డాక్టరమ్మ ముఖం దాంట్లో ముందే రిజిస్టర్ అయి ఉంటుంది. ఆటోఫోకస్ ఆమె కంటిని పట్టుకోగానే సూది వదులుతుంది. గురి చూసే పని కూడా కెమెరాదే.

"ఆవిడ ఫోటో చూపించి పరీక్షిస్తే సరిపోదా సర్?"

"చూపించాం. దాని టైమర్ పదకొండుకి గాని తెరుచుకోదు. అప్పటిదాకా అది ఉత్త కెమెరా. ఎక్స్‌రేలో రెండూ ఒకటే, అవే స్ప్రింగులు, అవే కాయిల్స్. విప్పితే సూది మన మొహాన పడుతుంది. రెండూ ఆపేస్తే ముఠా మనకి తెలియని దారి వెతుక్కుంటుంది. నువ్వు కెమెరాల పత్రిక తరఫున రివ్యూ రాసే టెస్టర్‌వి. రెండింటినీ పోల్చి చూడు."

"ఈ సమాచారమంతా ఎవరిచ్చారు?"

"నెమలి."

నెమలి ఆర్నెల్ల క్రితం ముఠా వదిలి ఇటువైపు వచ్చిన డబుల్ ఏజెంట్. ఈరోజు ఇద్దరు ఫోటోగ్రాఫర్లలో ఒకామె. ఆమె నడిచి వెళుతుంటే సెక్యూరిటీ వాళ్ళు తలుపు మూయడం మరిచిపోతారు.

రెప్ప లేచి మొబైల్‌ని లాకర్లో పెడుతూ ఆగింది. "సర్, పాపకి రాత్రి నుంచీ జ్వరం. మా అత్తయ్యకి ఆఫీసు నంబరిచ్చాను."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

*

పది గంటలకి తనిఖీ గదిలో ఎల్‌ఈడీ లైట్ల కింద రెండు కెమెరాలూ బల్ల మీదికొచ్చాయి. కవలపిల్లల్లా ఉన్నాయి. తారుమారవకుండా నెమలి కెమెరా స్ట్రాప్‌కి ఎర్రదారం, రెండోదానికి నల్లదారం కట్టారు.

నల్లదారం వాడు గడ్డం. అందరూ అలాగే పిలుస్తారు. "ముప్పై ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్నానమ్మా. ఈ వయసులో నాకు పరీక్షలా?" అని విసుక్కున్నాడు.

"నాకు పదో తరగతి పరీక్షే కుదర్లేదు బాబాయ్. కనీసం మీకు పెట్టనివ్వండి," అంది రెప్ప.

గడ్డం నవ్వాడు. నెమలి దగ్గరికొచ్చి, "ఈ గదిలో గాలాడట్లేదు," అంది.

"కిటికీ ఉత్తరం వైపుంది."

కోడ్ కలిసింది. నెమలి పెదవులు కదలకుండా, "నల్లదారం," అంది.

మొదట ఆటోఫోకస్. సెక్యూరిటీ అమ్మాయి గది ఆ చివర నుంచి నడుస్తూ వచ్చింది. ఇద్దరూ ఇరవైయేసి ఫ్రేములు తీశారు. ఎర్రదారం పంతొమ్మిదింట్లో కంటిని పట్టుకుంది, కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. నల్లదారానికి పదమూడే కుదిరాయి. మిగతావాటిలో ఒకసారి ముక్కు, ఒకసారి చొక్కా గుండీ, ఒకసారి వెనక గోడ.

తరువాత షట్టర్. తిరుగుతున్న టేబుల్ ఫ్యాన్‌ని సెకనులో రెండువేలో వంతు వేగంతో, ఇరవైయేసి సార్లు తీయమంది. రెప్ప కళ్ళు మూసుకుని వినసాగింది. కటక్. కటక్.

అప్పుడు చెవిపోగులో దాచిన ఇయర్‌పీస్‌లో పెద్దాయన గొంతు గరగరలాడింది.

"రెప్పా, మీ అత్తగారు. పాపకి నూట రెండట. సిరప్ ఎంత పొయ్యమంటావని అడుగుతున్నారు."

"కప్పులో కింది గీత దాకా," గొణిగింది రెప్ప. "తడిగుడ్డ పెట్టమనండి."

"కప్పు కనబడట్లేదట."

"పాప నోట్లో ఉంటుంది, చూడమనండి!"

గడ్డం వింతగా చూశాడు. ఫ్యాన్ పరీక్ష అయిపోయింది. ఆమె ఏం విందో ఆమెకే తెలియదు. ఫోటోలైతే తెరిచి కూడా చూడలేదు.

"ఏది?" అన్నాడు పెద్దాయన.

"నల్లదే అనుకుంటా."

"అనుకుంటున్నావా, చెప్తున్నావా?"

ఫోకస్ తప్పింది. నెమలి మాట కూడా ఉంది. "నల్లదే సర్."

గడ్డాన్ని బయటికి తీసుకెళ్ళారు. వెళ్తూ ఆయన ఆమె వైపు ఒక్కసారి చూశాడు.

*

పదీ యాభై అయింది. రెప్ప ఒక్కతే నల్లదారం ముందు కూర్చుంది. ఆ చూపు వదలడం లేదు.

ఇరవైలో ఏడుసార్లు గురి తప్పే ఆయుధాన్ని ఎవరు పంపిస్తారు?

లెన్స్‌ని వెలుగుకి పట్టింది. అద్దం మీద జిడ్డుగా బొటనవేలి ముద్ర. మెనూ తెరిచింది. ట్రాకింగ్ వేగం అన్నిటికన్నా కిందికి పెట్టి ఉంది. ముప్పై ఏళ్ళ ఫోటోగ్రాఫర్ ఈ పని చేసుకోడు. పొద్దున్న నెమలీ గడ్డమూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

అప్పుడు చెవుల్లో మిగిలిపోయిన చప్పుళ్ళు గుర్తొచ్చాయి. నల్లదారం చప్పుళ్ళు ఇరవైలో ఏ రెండూ ఒకలా లేవు. నిజమైన షట్టర్ మనిషి ఊపిరి లాంటిది, ప్రతిసారీ పిసరంత తేడా. ఎర్రదారం ఇరవైసార్లూ ఒకటే కటక్, అచ్చుపోసినట్టు.

గబగబా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్న ఫ్యాన్ ఫోటోలు తెరిచింది. నల్లదారం ఫోటోలో మూడు రెక్కలూ ఉన్నవి ఉన్నట్టున్నాయి. ఎర్రదారం ఫోటోలో రెక్కలు కొడవళ్ళలా ఒంగాయి, గోడ మీద ఎల్‌ఈడీ వెలుగు చారలు చారలుగా పడింది. స్ప్రింగుతో కదిలే మెకానికల్ షట్టర్ రెక్కల్ని అంతలా వంచదు. సెన్సర్ బొమ్మని ఒక్కో వరుసే నిదానంగా చదివితేనే అలా వస్తుంది. అంటే అది కదిలే తెర లేని ఎలక్ట్రానిక్ షట్టర్. ఆ కటక్ వచ్చింది స్పీకర్ నుంచి. నెమలి కెమెరాలో అసలు షట్టరే లేదు!

మరి ఎక్స్‌రేలో షట్టర్ చోట కనబడిన స్ప్రింగు ఏమిటి?

"సర్! ఎర్రదారం! నెమలి!"

చెవిపోగులో జవాబొచ్చింది. "అమ్మాయ్, సిరప్ కక్కేసింది. మళ్ళీ పొయ్యనా?"

పెద్దాయన అత్తయ్య లైను నేరుగా కలిపేసి హాల్లోకి వెళ్ళిపోయాడు.

"ఇప్పుడే పొయ్యొద్దత్తయ్యా, డాక్టర్‌ని అడుగు!" అంటూనే పరుగెత్తింది.

హాల్ గడియారంలో పదకొండుకి ముప్పై సెకన్లుంది. స్టేజీ మీద డాక్టరమ్మ కాగితాలు సర్దుకుంటోంది. నాలుగడుగుల దూరంలో నెమలి మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా ఎత్తింది. డాక్టరమ్మని పక్కకి లాగేంత సమయం లేదు. అరిస్తే అందరితో పాటు ఆవిడా తిరిగి చూస్తుంది, కంటిని అప్పజెప్పినట్టే.

గుమ్మం పక్క బల్ల మీద సభ సావనీర్ పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. అట్ట నిండా డాక్టరమ్మ ముఖం.

కాగితం ముఖానికీ నిజం ముఖానికీ కెమెరాకి తేడా తెలియదు.

రెప్ప రెండు సావనీర్లు కలిపి పట్టుకుని, వంగి పరుగున వెళ్ళి, లెన్స్ ముందు గుండెకి ఆనించుకుంది. గడియారం ముల్లు పదకొండు మీదికి కదిలింది.

ఈసారి కటక్ రాలేదు. టప్ మని చిన్న చప్పుడు. చేతుల్లో అట్టలు అదిరాయి. అచ్చులో ఉన్న డాక్టరమ్మ ఎడమ కంట్లోంచి దిగిన సూది, రెండో పుస్తకం ఆఖరి పేజీలో ఆగింది.

నెమలి పారిపోలేదు. కెమెరా కింద పెట్టి, "మా అమ్మ వాళ్ళ దగ్గరుంది," అంది మెల్లగా. "ఆర్నెల్లుగా."

రెప్ప పెద్దాయన వైపు చూసింది. "చూద్దాం," అన్నాడాయన. ఆ ఆఫీసులో ఆ మాటకి 'ఏమీ చెయ్యం' అని అర్థమని రెప్పకీ నెమలికీ తెలుసు. నెమలి చేతులకి బేడీలు పడుతుంటే రెప్ప తల తిప్పుకోలేకపోయింది.

డాక్టరమ్మ నలభై నిమిషాలు మాట్లాడింది. చివరి మెట్టు కూడా చెప్పేసింది. ఫోటోలు గడ్డమే తీశాడు, లెన్స్ తుడుచుకుని. రెప్ప క్షమాపణ చెప్పబోతే, "ముందు ఇంటికెళ్ళు తల్లీ, మీ పాప కప్పు మింగేస్తుంది," అన్నాడు.

జ్వరం వంద దగ్గరికి దిగిందని అత్తయ్య కబురు పంపింది.

ఆఫీసు కారిడార్‌లో పెద్దాయన నోట్‌బుక్ తీశాడు. "నువ్వు పత్రిక తరఫున వచ్చావని అందరికీ చెప్పాం. ఇప్పుడు రివ్యూ అచ్చు కాకపోతే అనుమానమొస్తుంది. రెండింట్లో ఏది మేలని రాయను?"

రెప్ప లాకర్ తాళం తీస్తూ ఆలోచించింది.

"ఆటోఫోకస్‌లో ఎర్రదారానిదే పైచేయి సర్. షట్టర్ మాత్రం, లోపల ఒకటి ఉన్న కెమెరానే కొనుక్కోమనండి."