ఫిర్యాదు వాపసు

ఆమె ముఖం చూడకముందే ఆమె మీద ఫిర్యాదు పెట్టినవాణ్ని నేను.

తప్పు నాదే. కాకపోతే ఆ భవనానికీ అందులో కాస్త వాటా ఉంది. దాన్ని హాస్టల్ అంటే రిసెప్షన్ మేడమ్‌కు కోపం. ‘స్టూడెంట్ రెసిడెన్స్’ అనాలి. చేరిన రోజే ఆవిడ గది కార్డు నా చేతిలో పెట్టి, "మీది నాలుగో అంతస్తు. నిశ్శబ్ద అంతస్తు. ఏ చప్పుడు ఇబ్బంది పెట్టినా మా యాప్‌లో రాయండి. మీ పేరు బయటికి రానివ్వం" అని చెప్పింది.

నేను చదివేది ఆర్కిటెక్చర్. అట్టలు కోసి, జిగురు అంటించి, బొమ్మ ఇళ్ళు కట్టే చదువు. అందులో నిద్ర అనేది దొరికినప్పుడు దొరికినంత. అలా దొరికిన కాసింత నిద్రా మొదటి వారమే, పొద్దున ఆరింటికి, పక్కగది గోడ దగ్గర తెగిపోయింది.

"స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రల్, పిసిఫార్మ్..."

ఆడగొంతు. రాగం ఉంది, బల్ల మీద దరువు కూడా ఉంది. ఎనిమిది పేర్లు అయ్యాక మళ్ళీ మొదటికొచ్చేది. అలా ఇరవై సార్లు. ఐదో రోజు సగం కన్ను తెరిచి ఫోన్ అందుకున్నాను. ‘పక్కగదిలో ఎవరో పొద్దున్నే దండకం చదువుతున్నారు. దయచేసి ఆపించగలరు’ అని రాసి, పంపి, తిరిగి పడుకున్నాను. మర్నాడు దండకం మామూలే. పై వారానికి నా చెవులకూ అలవాటైపోయింది, ఫిర్యాదు సంగతి మరిచేపోయాను.

మా అంతస్తులో ఐదు గదులకు ఒకటే వంటగది. నా గదిలో పెద్ద బల్ల లేదు కాబట్టి జిగురు ఆరడానికి మోడళ్ళు అక్కడే పెట్టేవాణ్ని. ఓ సాయంత్రం వెళ్ళేసరికి నా మోడల్ డాబా మీద పొగలు కక్కుతూ టీ గిన్నె ఉంది. పక్కన ఓ అమ్మాయి కప్పు కడుగుతోంది.

"అది తీస్తారా?" అన్నాను.

"ఇది మీదా? వేడి గిన్నె పెట్టుకునే అట్ట అనుకున్నాను."

"అది ప్రసూతి ఆసుపత్రి అండీ."

ఆమె గిన్నె తీసింది. సారీ చెబుతుందేమోనని ఎదురుచూశాను. వంగి, ఒక కన్ను మూసి, లోపలికి చూసింది.

"ఈ వరండా వెడల్పెంత?"

"నాలుగడుగులు."

"ఈ మలుపులో స్ట్రెచర్ తిరగదు. చక్రాల కుర్చీయే కష్టం. పాపం, ఆ తల్లికి పురుడు ఇక్కడే పోయాలి."

నాకు ఒళ్ళు మండింది. గదికెళ్ళి కొలిచి చూసుకుంటే మంట చల్లారింది, ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. వరండాను ఎనిమిదడుగులు చేశాను. క్లాసులో మా సారు మెచ్చుకున్నది ఆ వరండాను ఒక్కదాన్నే. మర్నాడు వంటగదిలో ఆ మాటే చెప్పి థాంక్స్ అన్నాను.

"మాది ఫిజియోథెరపీ. నడవలేనివాళ్ళను నడిపించే పని కదా, ముందు దారి చూస్తాం" అంది. "నాలుగు వందల పన్నెండు. మీ పక్కగదే, మేస్త్రి గారూ."

ఆ గొంతు అప్పుడు గుర్తుపట్టాను. ఫిర్యాదు మాత్రం గుర్తు రాలేదు, ఒట్టు.

రెండు వారాల్లో మేస్త్రి గారిలో గారు పోయింది. నెల తిరిగేసరికి మీరు పోయి నువ్వు వచ్చింది. ఆమె ఎప్పుడూ సగం ఉడికిన బంగాళాదుంపలు తినేది, ఉడికేదాకా ఆగే ఓపిక లేక. నేను మోడల్‌కు కిటికీలు కోస్తుంటే ఎదురుగా కూర్చుని, "ఈ ఇంట్లో ముసలివాళ్ళు మెట్లెలా ఎక్కుతారు?" అని పేచీ పెట్టేది. తల ఎత్తితే నన్నే చూస్తూ ఉండేది. నేను చూడగానే చూపు కిటికీ మీదికి మార్చేది, అట్టకిటికీ మీదికి.

మూడో నెలలో ఓ ఆదివారం మధ్యాహ్నం వాన. ఇద్దరం బట్టలు పట్టుకుని కింద లాండ్రీ గదికి వెళ్ళాం. మెషీన్ నలభై నిమిషాలు తిరుగుతుంది. గోడ పైభాగాన ఉన్న చిన్న కిటికీలోంచి వాన నేలకు తగిలి ఎగరడం ఒక్కటే కనిపిస్తోంది.

"నీ చేయి ఇలా ఇవ్వు" అంది.

"అంత తొందరేంటి, ఇంట్లో ఓ మాట అడగాలి కదా."

"వేషాలు వేయకు. రెండు వారాల్లో ప్రాక్టికల్స్. మణికట్టు ఎముకలు తడిమి చెప్పాలి. ఇంకెవరూ దొరకలేదు."

నా మణికట్టు పట్టుకుని బొటనవేలితో ఒక్కొక్క చోటే నొక్కడం మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేదు.

"చేయి వదులుగా పెట్టు. నేను చూసేది ఎముక, నాడి కాదు."

"నాడి చూడకు, దొరికిపోతాను."

నవ్వు ఆపుకుంటూ లెక్క తప్పింది. "పిసిఫార్మ్... తర్వాత... ఛ, తర్వాతేంటి?"

"ట్రపీజియమ్, ట్రపెజాయిడ్, కాపిటేట్, హామేట్" అన్నాను.

కళ్ళు తెరిచింది. "నీకెలా తెలుసు?"

"గోడలకు చెవులుంటాయంటారు. మన గోడకు నోరు కూడా ఉంది."

"అంతలా వినిపిస్తుందా? మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం? ఇంకొకరైతే ఎప్పుడో తలుపు బాదేవాళ్ళు. నువ్వు విసుక్కోకుండా నేర్చేసుకున్నావు. మంచివాడివి."

ఆ ఒక్క మాటతో యాప్, దండకం, ‘దయచేసి ఆపించగలరు’ అన్నీ కళ్ళముందుకొచ్చాయి. మూడు నెలలైంది కదా, ఈపాటికి ఏ మూలనో పడి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. మెషీన్ ఆగి చాలాసేపైనా ఆమె నా చేయి వదల్లేదు. నేనూ గుర్తు చేయలేదు. ఆమె లేకుండా ఇక నాకు కుదరదని అక్కడే, తడిబట్టల వాసన మధ్య, తెలిసిపోయింది.

గురువారం సాయంత్రం ఆమె వంటగదిలోకి ఓ కాగితం పట్టుకొచ్చింది. ముఖంలో నెత్తురు లేదు.

"చదువు" అంది.

కొత్త మేనేజర్ వచ్చాడట. వచ్చినవాడు ఊరికే ఉండక పాత ఫిర్యాదులన్నీ దులుపుతున్నాడట. ‘శబ్దం గురించి ఫిర్యాదు అందినందున నాలుగు వందల పన్నెండు గది విద్యార్థిని సోమవారం మధ్యాహ్నం పన్నెండులోగా బి బ్లాకుకు మారవలెను.’ బి బ్లాకు ఊరికి అటు చివర. అక్కడినుంచి ఆమె కాలేజీకి రెండు బస్సులు మారాలి.

"బస్సుల సంగతి పోనీ," అంది. "ఈ వంటగదిలో రోజూ నాకు ఎదురుపడే నలుగురిలోనే ఎవరో రాశారు. ఎదురుగా చెబితే మానేసేదాన్ని కదా. ఇంతమందికి నేనో చప్పుడునా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేనే అని అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా.

"నిన్ను అనుమానించట్లేదులే," అంది నా ముఖం చూసి. "నువ్వు నేర్చుకున్నవాడివి. అదెవరో కనిపెట్టడానికి నాకు సాయం చెయ్యి."

తెరిచిన నోరు మూసేశాను. దొంగే ముందు పరిగెడుతూ దొంగ దొంగ అని అరిచినట్టు, ఆమె వెంట నేనూ బయల్దేరాను.

మొదటి అనుమానం ఆమె గదికి అటుపక్కనున్న మూలగది మీద. అతను ఎవరితోనూ మాట్లాడడు, చెవుల మీంచి హెడ్‌ఫోన్స్ తీయడు. తలుపు తట్టి విషయం చెబితే హెడ్‌ఫోన్స్ మెడలోకి దించుకున్నాడు.

"ఈవిడ మీద ఫిర్యాదా? నేనెందుకు పెడతాను? నాకు అలారం మోగినా మెలకువ రాదు. ఈవిడ హామేట్ అంటేనే లేస్తాను. ఈవిడ వెళ్ళిపోతే నా ఎటెండెన్స్ ఏం కావాలి?"

తలుపు వేసుకున్నాడు. ఆమె ఏడుపులోనూ నవ్వింది. నాకు మాత్రం భూమి చీలితే బాగుండనిపించింది.

శుక్రవారం రిసెప్షన్‌కు వెళ్ళి, ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలంటే ఎలాగని అడిగాను. తెలిసినవాళ్ళ కోసమని చెప్పాను.

"పెట్టినవాళ్ళే వచ్చి ఫారం నింపాలి," అంది మేడమ్. "ఎవరి మీద పెట్టారో వాళ్ళు కూడా వచ్చి సంతకం చేయాలి. ఆ తెలిసినవాళ్ళకు చెప్పండి, సోమవారం పన్నెండు దాటితే నా చేతుల్లో ఉండదని."

ఆవిడ చూసిన చూపులోనే ఆ తెలిసినవాళ్ళెవరో ఆవిడకు తెలిసిపోయిందని అర్థమైంది. గుట్టుగా కానిచ్చేద్దామన్న నా ఆశ అడుగంటింది. అక్కకు ఫోన్ చేశాను. మా అక్కకు ఏదైనా సగం చెబితే మిగతా సగం తనే చెప్పేస్తుంది.

"ఆ అమ్మాయంటే ఇష్టమా?"

"ఆఁ."

"ఆ అమ్మాయికి చెప్పావా?"

"లేదు."

"ఫిర్యాదు సంగతి?"

"అదీ లేదు."

"చిన్నప్పుడు నేను నీ పెన్సిల్ తీసుకుంటే నన్ను అడక్కుండా నాన్నకు చీటీ రాసేవాడివి గుర్తుందా? ఇంకా మారలేదన్నమాట. పో, ముందు ఫోన్ పెట్టేసి చెప్పు."

వెళ్ళి చెప్పాను. వంటగదిలో ఆమె అరలోంచి డబ్బాలు తీసి అట్టపెట్టెలో సర్దుతోంది. మొదటివారమే రాశానని, అప్పటికి నువ్వెవరో తెలియదని, తెలిశాక మరిచిపోయానని, గుర్తొచ్చాక భయపడ్డానని, అన్నీ వరసగా చెప్పాను. ఆమె చేతిలో ఉప్పు డబ్బా అలాగే ఉండిపోయింది.

"నిన్న మూలగదికి నాతో ఎందుకొచ్చారు?" అంది.

వచ్చారు అంది. ఇన్నాళ్ళ నువ్వు ఆ ఒక్క మాటతో మీరు అయిపోయింది. తిట్టినా అంత తగిలేది కాదు.

"భయపడి."

"రాసినందుకు కోపం లేదండీ. నిద్ర పట్టనివాళ్ళెవరైనా రాస్తారు. నిన్న నేను ఏడుస్తుంటే చూస్తూ నిలబడ్డారు. అదే." పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సోమవారం పన్నెండులోగా ఇద్దరం ఫారం మీద సంతకం పెడితే గది మారక్కర్లేదని ఆమె వెనకే వెళ్తూ చెప్పాను. ఆమె తన గది తలుపు వేసుకుంది.

శనివారం ఆరింటికి మెలకువ వచ్చింది. గోడ పలకలేదు. ఆదివారం కూడా అంతే. పెట్టెలకు టేపు అంటిస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను కోరుకున్న నిశ్శబ్దం అదే, అక్షరాలా అదే. ఆ గోడ పక్కన పడుకుని, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడ్చాను.

సోమవారం పదకొండింటికి రిసెప్షన్‌లో కూర్చున్నాను. పదకొండున్నరకు ఆమె రెండు పెట్టెలు ట్రాలీ మీద తోసుకుంటూ లిఫ్టులోంచి వచ్చింది. నన్ను చూసి ఆగింది కానీ దగ్గరికి రాలేదు.

మేడమ్ ఫారం నా ముందు పెట్టింది. "ఇక్కడ కారణం రాయండి. ‘పొరపాటు’ అని ఒక్క ముక్క రాస్తే మా మేనేజర్ ఒప్పుకోడు. శబ్దం తగ్గిందో లేదో రాయాలి."

రాశాను. మేడమ్ కాగితం తన వైపు తిప్పుకుని కళ్ళజోడు పెట్టుకుంది. అలవాటు ప్రకారం పైకే చదివింది.

"‘శబ్దం తగ్గలేదు. తగ్గించవద్దు. అది వినపడని రెండు రోజులూ నాకు తెల్లారలేదు. ఏడుస్తున్న మనిషి ముందు నిజం దాచాను, ఆ తప్పుకు మీ దగ్గర ఫారం లేదు. నాకు నాలుగు వందల పన్నెండు అంటే...’"

ఆవిడ ఆగిపోయి కళ్ళజోడు తీసింది. "మిగతాది ఆఫీసుకు సంబంధించింది కాదమ్మా. నువ్వే చదువుకో."

ఆమె ట్రాలీ వదిలి వచ్చింది. కాగితం అందుకుని చివరి వాక్యం దాకా చదివింది. మళ్ళీ చదివింది. గడియారంలో పావు తక్కువ పన్నెండు.

"చప్పుడైతే ఆఫీసుకు రాస్తావు. ఇష్టమైతే కూడా ఆఫీసుకే రాస్తావా?" అంది. "నేను గోడకు ఇవతలే ఉన్నాను కదా."

రాస్తావు అంది. నా చెవులు దాన్నే పట్టుకున్నాయి.

"నోటితో చెప్పడం చేతకాదు నాకు."

"నేర్చుకో. ఎనిమిది ఎముకల పేర్లు నేర్చుకున్నావు, ఇదేమంత పెద్దది."

మేడమ్ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది, లేచి మాత్రం వెళ్ళలేదు. జీవితంలో మొదటిసారి, చీటీ లేకుండా, మనిషి ముఖంలోకి చూస్తూ చెప్పాను.

"నువ్వంటే ఇష్టం. నిన్న మొన్నటి ఇష్టం కాదు. నువ్వు వెళ్ళొద్దు."

ఆమె ఫారం కింది భాగం మీద వేలు పెట్టింది. అక్కడ ‘అవతలి వ్యక్తికి అభ్యంతరం: ఉంది, లేదు’ అని రెండు గడులున్నాయి.

"ఇది దేనికి మేడమ్? ఫిర్యాదు వాపసుకేనా, ఇందులో రాసినదంతటికీనా?"

"పైన ఏం రాసుంటే దానంతటికీ అమ్మా."

ఆమె ‘లేదు’ గడిలో టిక్కు పెట్టింది. తర్వాత పెన్ను సంతకం గీత మీదికి తీసుకెళ్ళి, అక్కడే ఆపేసింది. మళ్ళీ మనసు మారిందేమోనని నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏమైంది? పెట్టు," అన్నాను.

"ఉండు," అంది తల ఎత్తకుండా. "చేయి వణుకుతోంది."