ఎదుటివారి వెలుగు

"పొగమంచు. మూడు వేలకు దించుతున్నాను," అంది లారీలోని వర్ణతాపకం.

ఆ మాటతోనే ఎరకమ్మ లారీ ముందున్న తెల్లటి వెలుగు పసుపులోకి తిరిగింది. తెలుపు ఎక్కువైతే మంచు పాలగోడలా అడ్డు నిలుస్తుంది. పసుపైతే తారు అంచూ, లోయ వైపు రాళ్ళూ కంటికి ఆనుతాయి. ఏ బల్బు వేయించాలి, మూడు వేల కెల్విన్లదా, ఆరు వేలదా అని ఒకప్పుడు డ్రైవర్లు టీ కొట్ల దగ్గర వాదులాడుకునేవారు. ఇప్పుడు ఆ పని వర్ణతాపకానిది. అది డ్రైవరు కనుపాపను చూసి, బయటి తేమను కొలిచి, ఏ మలుపులో ఏ రంగు వెలుగు కావాలో తానే తేలుస్తుంది.

పాడేరు ఘాటులో తెల్లవారుజాము ఐదున్నర. కాఫీ గింజల బస్తాలతో లారీ చోడవరం దిగుతోంది. ఎదురుగా బండేదో వచ్చింది. దాని లైట్లు ఆమెకు కనబడలేదు. ముందు అద్దం మీద బూడిదరంగు గీతలతో ఒక ఆకారం తేలి, పక్కనుంచి జారిపోయింది. ఆ అద్దాన్ని కనుకాపు అంటారు. ప్రతి హెడ్‌లైటూ కంటికి అందనంత వేగంగా, ఒక లెక్కలో రెపరెపలాడుతూ వెలుగుతుంది. ఆ లెక్క తెలిసిన కనుకాపు ఎదుటి వెలుగును తుడిచేస్తుంది. అది వచ్చిన ఈ పదకొండేళ్ళలో కళ్ళు చెదిరి లోయలో పడ్డవారు ఒక్కరూ లేరు. ఈ పదకొండేళ్ళలో ఎరకమ్మ మరో బండి వెలుగు చూసిందీ లేదు. ఎన్ని బళ్ళు ఎదురైనా, కొండ మీద తానొక్కతే తిరుగుతున్నట్టుండేది.

ఆ మధ్యాహ్నం చోడవరం గోదాములో బస్తాలు దింపుతుండగా రహదారి విచారణ కార్యాలయం నుంచి ఫోను వచ్చింది.

"ఎరకమ్మగారూ, పోయిన మంగళవారం పొద్దున్న ఘాటు మూడో మలుపులో ఆగి ఉన్న ఒక వ్యాను పక్కనుంచి మీరు వెళ్ళారు. గుర్తుందా అండీ?"

"గీతల్లో కనిపించుంటాది. ఆగున్న బళ్ళు బోలెడుంటాయి. ఏటైనాదమ్మా?"

"అందులో దాలినాయుడుగారని, కూరగాయలు తోలే ఆయన. గుండెపోటుతో అక్కడే పోయారు. బండికి దెబ్బ తగల్లేదు గనక విశ్రాంతికి ఆగారని అందులోని యంత్రం రాసుకుంది. నలభై నిమిషాలు ఆయన లైట్లు ఆర్పుతూ వెలిగిస్తూనే ఉన్నారు. ఆలోగా పదిహేడు బళ్ళు వెళ్ళాయి. మీది పదకొండోది. మీ తప్పేమీ లేదని చెప్పడానికే చేశానండీ. అందరికీ చెబుతున్నాం."

"నాను ఎల్లేటప్పటికి బతికే ఉన్నాడా?"

"ఆ తర్వాత కూడా పన్నెండు నిమిషాలు లైట్లు వెలిగాయండీ," అంది ఫోనులోని అమ్మాయి.

మిగతా పదహారుమంది పేర్లు అడిగితే, చెప్పే వీలు లేదంది.

ఎరకమ్మకు ఇంట్లో చెప్పుకోడానికి మనిషి లేడు. గోదాము హమాలీలకు చెప్పబోయింది గాని, తప్పు లేదన్నాక ఇంకా ఏమని చెప్పాలో తెలియలేదు. దాలినాయుడు చేయెత్తి మీట నొక్కిన ప్రతిసారీ వెలుగు ఆమె అద్దం దాకా వచ్చే ఉంటుంది. వచ్చి, అక్కడ చెరిగిపోయింది.

సాయంత్రం ఆమె సన్యాసిరావు కొట్టుకు వెళ్ళింది. ఆయన ఒకప్పుడు బళ్ళ లైట్ల మేస్త్రీ, ఇప్పుడు నీళ్ళ మోటార్లు బాగుచేస్తున్నాడు.

"పాత బల్బు గావాల మావా. లెక్కా గిక్కా లేంది. ఉత్తినే ఎలిగేది."

"దాన్ని తుడవడం కనుకాపు వల్ల గాదే అమ్మీ. పట్టుబడితే లైసెన్సు ఉంచరు."

"తెలుసు."

ముసలాయన అటక మీది రేకుపెట్టె దింపాడు. "ఏ రంగు? తెల్లదైతే దూరం కొడతాది గానీ, మంచు మీద పడి నీ కళ్ళకే తిరిగొస్తాది. నీకు సూపెలాగుంది?"

"నాకు కనిపించడానిక్కాదు మావా. నాను కనిపించడానికి."

సన్యాసిరావు ఒక పసుపు బల్బు తీసి గుడ్డతో తుడిచాడు. "అయితే ఇదే. మంచులో తెల్ల ఎలుగు మబ్బులో కలిసిపోద్ది. ఇదైతే అక్కడ ఎవులో ఉన్నారని తెలుస్తాది," అన్నాడు.

మళ్ళీ లోడుతో దిగిన రోజు తెల్లవారకముందే ఎరకమ్మ దాలినాయుడు ఆగిన మలుపులోనే లారీ పక్కకు ఆపింది. లారీ ముందు కట్టిన పాత బల్బు వెలిగించి కూర్చుంది.

మొదట వచ్చింది పాల ట్యాంకరు. బ్రేకు కీచుమంది. చక్రాలు తడి రోడ్డు మీద జారి, లోయ పిట్టగోడకు జానెడు దూరంలో ఆగాయి. ఎరకమ్మ లారీలోంచి కిందికి దూకింది. డ్రైవరు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏటైనాదప్పా? దెబ్బ తగిలిందా? ఎవులైనా పడిపోనారా?"

"ఏటీ లేదు తమ్ముడూ. నీకేటీ అవలేదు గదా?"

"మరి ఈ ఎలుగేటి?" అన్నాడతను. "ఆరేళ్ళై తిరుగుతున్నాను. ఎదరనుంచి ఎలుగు రావడం ఇదే సూడడం."

ఆమె బల్బును కిందికి వంచింది. ఏమీ కాలేదని తెలిసినా అతను వెళ్ళలేదు. వెనక మరో బండి ఆగింది, ఆ వెనక ఇంకోటి. దిగినవారంతా అదే ప్రశ్న అడిగారు. ఎవరూ తిరిగి బండెక్కలేదు. ఎవరో ఫ్లాస్కు విప్పారు. ఏళ్ళ తరబడి ఈ ఘాటులోనే పక్కపక్కనుంచి పోయినవాళ్ళు ఒకరి పేరొకరు అడుగుతున్నారు.

అప్పుడు ఎరకమ్మ దాలినాయుడి సంగతి చెప్పింది. "నా బండి పదకొండోదట," అంది.

వెనక నిలబడ్డ ఒక పెద్దాయన మెల్లగా వచ్చి పిట్టగోడ మీద కూలబడ్డాడు.

"నాది నాలుగోది," అన్నాడు. "ఇంట్లో సెప్పలేదు. తప్పు లేదన్నారు గదా, ఏటని సెప్పను?"

ఎరకమ్మ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. ఆయన ఏడుపు ఆగేదాకా అక్కడే ఉంది.

తూర్పున కొండ అంచు ఎర్రబడింది. పాల ట్యాంకరు డ్రైవరు లారీ దగ్గర నిలబడి, "తెల్లారిపోనాది. లైటు ఆర్పేయమంటావా అప్పా?" అని అడిగాడు.

"ఉండనియ్యి తమ్ముడూ," అంది ఎరకమ్మ. "ఇంకా పదిహేనుమంది ఉన్నారు."