సత్తు బకెట్టు చప్పుడు

కూడు పెట్టే యాళకు మునీంద్ర సత్తు బకెట్టును గేటు కమ్మీకేసి మూడుసార్లు కొట్టేవాడు. టంగ్, టంగ్, టంగ్. అంతే! ఇరవై రెండు తెల్లపందులూ ఒకదాన్నొకటి తొక్కుకుంటా తొట్టి కాడికి ఉరికొచ్చేవి. పందికి పంది ఎప్పుడూ జాగా ఇయ్యదు. మూతి పట్టేంత సందుంటే చాలు, భుజంతో తోసుకుని దూరాల్సిందే. అదంతా చూస్తా నవ్వుకునేవాడు మునీంద్ర.

శ్రీకాళహస్తి పక్కనుండే ఆ దొడ్డి ఇప్పుడు ఖాళీ. పది దినాల కింద ఒక పంది జ్వరంతో పడింది. చెవులు ఎర్రబడి, తర్వాత ఊదారంగుకు తిరిగినాయి. తెల్లారేసరికి ఇంకో రెండు పడినాయి. మునీంద్ర, డాక్టరుకు ఫోను చేయకముందే, సూడితో ఉన్న ఆడపంది లచ్చిని ఆటోలో ఎక్కించి, నాయుడుపేట దారిలో ఉండే చెల్లెలు పంకజాక్షి దొడ్డికి దాటించేసినాడు. లచ్చి ఒక్కటి బతికి పిల్లల్ని పెడితే మళ్లీ లేచి నిలబడొచ్చు. అదే ఆశ. దానికి ఏ జబ్బూ లేదని చెల్లెలికి ఒట్టేసి చెప్పినాడు. వేరేగా కట్టేయమంటే ఎందుకని అడుగుతాదని, ఆ మాట కూడా చెప్పలేదు. ఆ యమ్మి లచ్చిని తన పద్దెనిమిది పందుల్లోనే కలిపేసింది. అన్న చేసిన పాపిష్టి పని!

“మొత్తం ఎన్ని ఉన్నాయి?” అని అడిగింది, ఫోను అందుకుని వచ్చిన పశువుల డాక్టరు స్రవంతి.

“ఇరవై ఒకటి మేడం.”

అన్నిటినీ చంపి, గుంటలో పూడ్చి, పైన మూటలకు మూటలు సున్నం పోసినారు. గట్టుమీద కూలబడి, “ఒకటన్నా తట్టుకోదా మేడం?” అని ఏడ్చినాడు మునీంద్ర.

ఆ డాక్టరు పిల్ల పాపం ఓపిగ్గా చెప్పింది. “పంది ఒంట్లో కాపలా కణాలుంటాయి. బయటినుంచి ఏది దూరినా మింగి అరిగించేస్తాయి. ఈ వైరస్‌కి కావాల్సిందీ అదే. మింగించుకుని, ఆ కాపలాదారు కడుపులోనే కాపురం పెడుతుంది. అక్కడే పెరుగుతుంది. ఒళ్లు కాపాడాల్సిన కణమే దాన్ని ఒళ్లంతా మోసుకు తిరుగుతుంది. దీనికి మందు లేదు. మీ బూట్లు, బట్టలు, బకెట్లు అన్నీ ఆ గుంటలోనే వేసేయండి.”

అన్నీ వేసినాడు. సత్తు బకెట్టు తప్ప. లచ్చి మళ్లీ ఇంటికొస్తే, దాన్ని కూటికి పిలిచేది ఆ చప్పుడే మరి.

ఈ పొద్దు పంకజాక్షి ఫోను చేసింది. “లచ్చి రెండు దినాలుగా మూతి తడపలేదన్నా. నీ చేత్తో పెడితే తింటాదేమో, ఒకతూరి రా.”

మునీంద్ర తలకు పోసుకున్నాడు. ఉతికిన గుడ్డలు కట్టినాడు. బకెట్టును సలసల కాగే నీళ్లతో మూడుసార్లు కడిగినాడు. బండెక్కినాడు.

పోయేసరికి పొద్దుగూకతా ఉండాది. సన్నగా వాన. కరెంటు లేదు. రేకుల మీద చినుకుల చప్పుడు, తడి తవుడు వాసన. షెడ్డు మూలలో లచ్చి గోడకు మొగం పెట్టి పడుకోనుండాది. పంకజాక్షి సెల్లు లైటు పట్టుకుంటే, మునీంద్ర తొట్టి పొడుగునా కూడు పోసి, బకెట్టును గేటుకేసి కొట్టినాడు.

టంగ్... టంగ్... టంగ్...

లచ్చి చెవి కదిలింది.

ఆ వెంటనే మునీంద్ర ఎనకాల, బురదలో... గిట్టల చప్పుడు. ఒకటి కాదు, రెండు కాదు. ఉరికొస్తా ఉండాయి. తిరిగి చూసినాడు. బాట ఖాళీ. మోకాళ్ల పక్కనుంచి చల్లగా ఏదో రాసుకుంటా పోయింది. ఇంకోటి. ఇంకోటి... తవుడు వాసన పోయి, సున్నం వాసన గుప్పుమంది.

పంకజాక్షి పందులు పద్దెనిమిదీ ఎనక్కి ఎనక్కి పోయి గోడకు అతుక్కున్నాయి. ఒక్కటీ గుర్రుమనలేదు.

తొట్టి కాడ ఎవరూ లేరు. కూడు మాత్రం తగ్గతా ఉండాది. చప్... చప్... చప్...

లచ్చి లేచింది. తూలతా వచ్చింది. ఏమీ లేని చోట భుజం పెట్టి బలంగా తోసింది. సందు చేసుకుని మూతి పెట్టింది.

“అన్నా...” పంకజాక్షి సెల్లు లైటు తొట్టి మీదికి తిప్పింది. “అది... ఎవుర్ని తోస్తా ఉండాది?”

మునీంద్ర వంగి చూసినాడు. తొట్టి అంచు మీద తెల్లగా మూతి గుర్తులు, వరసగా. వద్దు వద్దనుకుంటానే లెక్కపెట్టినాడు. ఇరవై ఒకటి. లచ్చి తలెత్తింది. దాని మూతి నిండా సున్నం. చెవులు ఎర్రగా కందిపోయుండాయి.

“పంకజా, నీ పందుల్ని బయటికి తోలు! బిరీన!”

“ఏమైందన్నా?”

“లచ్చికి జబ్బుండాది. నీకు అబద్ధం చెప్పినా. నన్ను చంపెయ్, ముందు వాటిని తోలు తల్లీ!”

పంకజాక్షి అన్న మొగంలోకి అట్లే చూస్తా నిలబడిపోయింది.

గోడకాడ పందుల్లో కదలిక మొదలైంది. తొట్టిలో ఎంగిలి ఇంకా మిగిలుండాది. ఒకటి అడుగేసింది. “ఏయ్! పో! ఎనక్కి పో!” అని మునీంద్ర గుండెలు పగిలేటట్టు అరిచినాడు. కట్టె దొరక్క, బెదిరించేదానికి చేతిలో ఉన్నదాంతోనే గేటును బాదినాడు.

టంగ్.

టంగ్.

ఏం చేస్తా ఉండాడో తెలిసేలోపల మూడోది కూడా పడిపోయింది.

ఈ పొద్దు దాకా ఆ చప్పుడే ఎరగని పందులు... పద్దెనిమిదీ ఒక్కసారిగా వచ్చేసినాయి. తోసుకోలేదు. తొక్కుకోలేదు. తొట్టి పొడుగునా నిలబడినాయి, పందికీ పందికీ నడుమ ఒక పంది పట్టేంత జాగా వదిలి.

పంకజాక్షి నేలమీద కూలబడి ఏడస్తా ఉండాది. మునీంద్ర చేతిలోంచి బకెట్టు జారి పడింది.

మూడుసార్లు కడిగిన బకెట్టు. అడుగున చేరెడు సున్నం... అప్పుడే నీళ్లు పోసినట్టు, ఇంకా బుసబుసమని పొగలు కక్కతా ఉండాది.